పంక్తి బాహ్యులు

శ్రాద్ధభోజనానికి ఎవరిని పిలవరాదో చెప్పే జాబితా ఒకటి మనుస్మృతి మూడవ అధ్యాయంలో ఉన్నది. చాలా పొడుగైన జాబితా అది. దాని మొదట్లోనే 150వ శ్లోకం దొంగలను, పతితులను, క్లీబులను, నాస్తికవృత్తి గలవారిని ఒక్క గాటన కట్టి, వీరు దేవకార్యానికీ పితృకార్యానికీ అనర్హులని తీర్పు చెబుతుంది. ఇటువంటివారు కూర్చుంటే పంక్తి మొత్తం చెడుతుందట. ధర్మశాస్త్రం వీరికి పెట్టిన పేరు అపాంక్తేయులు. వాడుకలో పంక్తి బాహ్యులు.

దొంగను విస్తరి ముందు నుంచి లేపడం అర్థం చేసుకోగలం. కాని నాస్తికుడికీ క్లీబుడికీ ఏమిటి సంబంధం? ఒకరు తేడా పడ్డది ఆలోచనలో, మరొకరు తేడా పడ్డది శరీరంలో. ఈ ఇద్దరూ ఒకే శ్లోకంలో పక్కపక్కన నిలబడటం కేవలం ఛందస్సు తెచ్చిన పొత్తా? కాదని చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇద్దరినీ వెలివేసిన చేయి ఒక్కటే. వెలికి కారణం కూడా ఒక్కటే. ఆ కారణాన్ని పరలోకంలో వెతికితే దొరకదు, పొలంగట్టు మీద వెతికితే దొరుకుతుంది.

ముందుగా మాటల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. క్లీబ, షండ, నపుంసక, పేడి అనే మాటలకు పాత గ్రంథాలలో నిలకడైన అర్థం లేదు. సంతానశక్తి లేనివాడు, అంగలోపం కలవాడు, స్త్రీవేషం ధరించినవాడు, ఈ అందరినీ ఆ మాటలు సందర్భాన్ని బట్టి సూచిస్తాయి. నేడు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు అనేది వేరు. పుట్టినప్పుడు ఇతరులు నిర్ణయించిన లింగం తమది కాదని తమను తాము తెలుసుకొన్నవారు వారు. గురుచేలా సంప్రదాయం గల హిజ్రా సమాజం వారిలో ఒక భాగం. ఈ అర్థాలు ఒకటి కావు. అయితే శాస్త్రకర్తలు గాని, తర్వాతి శాసనకర్తలు గాని ఈ తేడాలను ఎన్నడూ లెక్కచేయలేదు. అందరినీ ఒకే సంచీలో వేశారు. కనుకనే ఆ సంచీ చరిత్రను చూడవలసి వస్తున్నది.

శ్రాద్ధం అంటే ఏమిటి? చనిపోయిన తండ్రికి కొడుకు పెట్టే పిండం. పిండం పెట్టే అధికారమూ, ఆస్తి పొందే హక్కూ హిందూ ధర్మశాస్త్రంలో ఒకదానినొకటి పెనవేసుకొని ఉన్నవి. తండ్రి నుంచి కొడుకుకు భూమి, కొడుకు నుంచి తండ్రికి పిండం. ఈ గొలుసు రెండుచోట్ల తెగవచ్చు. చచ్చినవాడు తినేదేమిటని ఎవడైనా అడిగితే ఒక లంకె తెగుతుంది. కొడుకును కనని శరీరం ఒకటి ఇంట్లో పుడితే రెండో లంకె తెగుతుంది. మొదటివాడు నాస్తికుడు, రెండవవాడు క్లీబుడు. ఆ శ్లోకంలో ఇద్దరూ పక్కపక్కన ఎందుకున్నారో ఇప్పుడు బోధపడుతుంది. అదే స్మృతి తొమ్మిదవ అధ్యాయం, 201వ శ్లోకంలో, క్లీబులకు, పతితులకు, పుట్టుగుడ్డివారికి, చెవిటివారికి, ఉన్మత్తులకు, మూగవారికి దాయభాగం లేదన్నది. యాజ్ఞవల్క్యస్మృతి కూడా కొద్ది తేడాలతో ఈ మాటే అన్నది. కూడు పెట్టి పోషించాలట గాని, వాటా మాత్రం ఇవ్వరాదట. దయకు చోటున్నది, హక్కుకు లేదు.

ఇది ఒక్క హిందూమతానికే పరిమితమైన గుణమనుకొంటే పొరపాటు. బైబిలు ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం వృషణాలు నలిగినవానిని దేవుని సమాజంలోకి రానీయవద్దన్నది. తర్వాతి కాలపు యెషయా గ్రంథం 56వ అధ్యాయంలో నపుంసకులకు కుమారులకన్న గొప్ప పేరు ఇస్తానని దేవుని చేత చెప్పించింది. రెండూ ఒకే పవిత్రగ్రంథంలో ఉన్నవి. ఏ వాక్యాన్ని పైకి తీయాలో ఆయా కాలాల అధికారం నిర్ణయించింది. సాంప్రదాయిక ఇస్లామీయ న్యాయశాస్త్రంలో మతం విడిచినవాడికి ముస్లిం బంధువుల ఆస్తిలో వారసత్వం లేదు. ఇంగ్లండులో 1697 నాటి దైవదూషణ చట్టం, క్రైస్తవుడిగా పెరిగి క్రైస్తవ సత్యాన్ని నిరాకరించినవాడు రెండోసారి పట్టుబడితే, అతడు సంరక్షకుడుగా ఉండరాదని, వీలునామా ద్వారా గాని దానపత్రం ద్వారా గాని ఏమీ పొందరాదని శాసించి, మూడేళ్ల ఖైదు కూడా విధించింది. ఈ జాబితాను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి. సంరక్షకత్వం, వీలునామా, దానం. ఇదే జాబితా ఇంకొకచోట మళ్లీ కనబడుతుంది.

శాస్త్రం చెప్పినదానిని కావ్యం కథగా చెప్పింది. వాల్మీకి అయోధ్యాకాండలో జాబాలి రాముడితో వాదించే ఘట్టంలో, శ్రాద్ధం పేరిట అన్నం దండుగ చేయడమేమిటని, చనిపోయినవాడు ఎట్లా తింటాడని జాబాలి అడుగుతాడు. సరిగ్గా ఆ పంక్తి మీదనే దెబ్బ కొడుతున్నాడు. రాముడు అతడిని తీవ్రంగా నిందిస్తాడు. చివరకు జాబాలి తాను నాస్తికుడిని కానని, రాజును మరలించడానికే అట్లా అన్నానని చెప్పుకోవలసి వస్తుంది. ప్రశ్నకు జవాబు రాలేదు. ప్రశ్నించినవాడి చేత ప్రశ్నను ఉపసంహరింపజేశారు, అంతే. భారతం శాంతిపర్వంలో చార్వాకుడికి ఆ అవకాశం కూడా లేదు. బంధువులను చంపి రాజ్యం ఏలుతున్నావని ధర్మరాజును నిండుసభలో నిలదీసినందుకు బ్రాహ్మణులు అతడిని దుర్యోధనుడి మిత్రుడైన రాక్షసుడని ప్రకటించి హుంకారంతో దహించారు. అతడు అన్న మాటలో అబద్ధమేమున్నది? ఆ మాటే ధర్మరాజు తనతో తాను ఎన్నిసార్లు అనుకోలేదు?

ఇక విరాటపర్వం. ఇది తిక్కన చేతిలో తెలుగువారి ఇంటి కథ అయినది. అర్జునుడు బృహన్నలగా వచ్చినప్పుడు విరాటుడు అతడి పుంస్త్వం లేమిని నిర్ధారించుకొన్న తర్వాతనే కన్యాంతఃపురానికి పంపినట్టు సంస్కృత భారతం చెబుతున్నది. శరీరాన్ని తనిఖీ చేసి గాని నమ్మని పద్ధతి అంత పాతది. గోగ్రహణంలో రాజకుమారుడు రథం దిగి పారిపోతే పేడి అనిపించుకొన్న సారథి నిలబడి గెలిచాడు. ఉత్తరకుమార ప్రగల్భాలు అనే జాతీయం మనకు మిగిలింది గాని, తరువాతి దృశ్యాన్ని మనం అంతగా తలచుకోము. కొడుకు గెలిచాడని విరాటుడు మురిసిపోతుంటే, బృహన్నల తోడుండగా గెలుపుకేమి లోటని కంకుడు అన్నాడు. నా కొడుకుతో ఒక పేడిని సమానం చేస్తావా అని రాజు పాచికలతో అతడి ముఖం మీద కొట్టాడు. ధర్మరాజు ముక్కు నుంచి నెత్తురు కారింది. నిజం చెప్పినందుకు కారిన నెత్తురు అది. మొదటి కథలో చార్వాకుడు, రెండవ కథలో కంకుడు శిక్ష అనుభవించారు. రాజకుటుంబానికి దక్కవలసిన కీర్తి మీద చేయి వేయడమే రెండుచోట్లా నేరం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. మన సంప్రదాయం వీరికి చోటు కూడా ఇచ్చింది గదా అని. నిజమే, ఇచ్చింది. పద్నాలుగో శతాబ్దపు మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహాన్ని చార్వాక దర్శనంతోనే మొదలుపెట్టాడు, అది ఖండించడానికే అయినా. కామసూత్రం తృతీయ ప్రకృతిని పేర్కొన్నది. ఎల్లమ్మ కొలువులో జోగప్పలకు స్థానమున్నది. పెళ్లి ఇంట, పురిటి ఇంట హిజ్రాల దీవెన శుభమని నమ్మేవారు నేటికీ ఉన్నారు. కాని ఆ చోటు ఎక్కడిదో చూడాలి. అది గడప బయటి చోటు. దీవెనకు పది రూపాయలిచ్చే గృహస్థు అదే మనిషికి తన ఇంట్లో గది అద్దెకివ్వడు. శాపానికి భయపడి పెట్టిన దక్షిణ గౌరవం కాదు. మత సంప్రదాయం చూపిన సహనం గొప్పదే కావచ్చు గాని, హక్కు అంటే సహనం కాదు. సహించేవాడు ఏనాడైనా సహించడం మానవచ్చు.

బ్రిటిష్ పాలనలో ఈ కథ కొత్త మలుపు తిరిగింది. 1850 నాటి చట్టం ఒకటి, మతం విడిచినంత మాత్రాన, కులం నుంచి వెలిపడినంత మాత్రాన వారసత్వం పోదన్నది. పతితుడికి ఆస్తి దక్కింది. క్లీబుడు మాత్రం 1928లో మితాక్షర న్యాయం వర్తించే హిందువుల వారసత్వ అనర్హతలను తొలగించే చట్టం వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. ఈలోగా 1871లో నేరస్థ తెగల చట్టం వచ్చింది. తెలుగుదేశంలో ఎరుకలవారి వంటి జాతులను తర్వాత ఎంత హింస పెట్టిందో చాలామందికి తెలుసు. ఆ చట్టానికి రెండవ భాగం ఒకటున్నదని, అది హిజ్రాల మీద పెట్టినదని తెలిసినవారు తక్కువ. అనుమానితుల పేర్లతో రిజిస్టరు పెట్టాలి. రిజిస్టరులో చేరినవారు స్త్రీవేషంతో వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకొని రెండేళ్ల దాకా ఖైదు చేయవచ్చు. అంతేకాదు, వారు సంరక్షకులుగా ఉండరాదు, దానం చేయరాదు, వీలునామా వ్రాయరాదు, దత్తత తీసుకోరాదు.

1697లో అవిశ్వాసికి లండన్ పార్లమెంటు విధించిన అనర్హతలనూ, 1871లో హిజ్రాకు కలకత్తా ప్రభుత్వం విధించిన అనర్హతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. సంరక్షకత్వం, వీలునామా, దానం. మతాలు వేరు, నేలలు వేరు, మధ్య నూటడెబ్బై ఏళ్లకు పైగా దూరం. అయినా వేసిన సంకెళ్లు ఒకే కమ్మరికొలిమిలో తయారైనవి. పిల్లలు ఎవరి చేతికి పోకూడదు, ఆస్తి ఎవరి చేతికి పోకూడదు అన్నదే రెండు చట్టాల బెంగ. దేవుడి పేరు అలంకారం మాత్రమే.

నైజాం రాజ్యం ఈ చట్టాన్ని అనుకరించింది. ఫస్లీ 1329లో, అంటే 1919లో, ఉస్మాన్ అలీఖాన్ పాలనలో హైదరాబాదు నపుంసకుల చట్టం చేశారు. చాలామట్టుకు 1871 అచ్చులో పోసిన ముద్దే అది. హైదరాబాదు నగరంలో ఉన్నవారికి రిజిస్టరు, స్త్రీవేషానికి వారంటు లేని అరెస్టు, రెండేళ్ల దాకా ఖైదు. నపుంసకుడు అంటే తనకు పుంస్త్వం లేదని ఒప్పుకొన్నవాడు, లేదా వైద్యపరీక్షలో లేనట్టు తేలినవాడు అని నిర్వచనం. విరాటుడి తనిఖీ సర్కారు దవాఖానాకు మారింది. షరియత్ చెప్పినందువల్ల వచ్చినది కాదిది, తెల్లదొరల పుస్తకం నుంచి దిగుమతి అయినది. ఆశ్చర్యకరమైన విషయం దీని ఆయుష్షు. 1948లో నైజాం పాలన పోయింది, చట్టం పోలేదు. 1950లో రాజ్యాంగం వచ్చింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 2014లో తెలంగాణ ఏర్పడింది. జాగీర్లు రద్దయినవి, భాష మారింది, జెండా మారింది. రంగురంగుల ప్రభుత్వాలు వచ్చి పోయినవి. ఈ చట్టం మాత్రం పుస్తకంలో అట్లాగే నిలిచి ఉన్నది. ఎవరికీ అడ్డం రాలేదు గనుకనే నిలిచింది, అడ్డం వచ్చినవారి గొంతు ఎవరికీ వినబడలేదు గనుకనే నిలిచింది.

నాస్తికుడి కథను కూడా ఈ శతాబ్దాల మీదుగా తీసుకురావలసి ఉన్నది. 1689లో మతసహనాన్ని ప్రబోధించిన జాన్ లాక్ మహాశయుడు నాస్తికులను మాత్రం ఆ సహనానికి వెలుపల ఉంచాడు. దేవుడు లేడనేవాడి ప్రమాణానికి, ఒప్పందానికి విలువేమిటన్నది ఆయన వాదం. మాటకు పూచీ దేవుడే అయినప్పుడు దేవుడు లేనివాడితో వ్యాపారం ఎట్లా? 1880లో నార్తాంప్టన్ ప్రజలు ఎన్నుకొన్న ఛార్లెస్ బ్రాడ్లాను పార్లమెంటు ఈ ప్రమాణం సాకుతోనే ఆరేళ్లు కూర్చోనివ్వలేదు. ప్రజలు మళ్లీ మళ్లీ ఎన్నుకొన్నారు. చివరికి 1886లో చోటిచ్చారు. 1888లో ప్రమాణాల చట్టం మార్పించినవాడు ఆయనే. ఆ మరుసటి ఏడు బొంబాయి కాంగ్రెసు మహాసభకు వచ్చి మన ప్రతినిధులతో కలిసి కూర్చున్నాడు. 1891లో ఆయన చనిపోతే, లండనులో చదువుకొంటున్న గాంధీ అంత్యక్రియలకు వెళ్లాడు.

మన ప్రాంతంలో గోపరాజు రామచంద్రరావు, అందరూ ఎరిగిన గోరా, 1933లో నాస్తిక భావాలు వ్రాసినందుకు కాకినాడలో వృక్షశాస్త్ర ఉపన్యాసక పదవి పోగొట్టుకొన్నాడు. పాఠం సరిగా చెప్పలేదన్న ఆరోపణ కాదు. ఆకుపచ్చని ఆకు సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొనే తీరుకు దేవుడి అవసరం లేదని చెప్పవచ్చు, లోకానికి మాత్రం ఉన్నదని ఒప్పుకోవాలి! ఆ తర్వాత ఆయన చేసినదానిని ఈ సందర్భంలో గుర్తు చేయాలి. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించాడు, 1947లో విజయవాడకు మార్చాడు. పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలు పెట్టాడు. ఎవరి భోజనం వారే తెచ్చుకొన్నా, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారనేదే అక్కడి విప్లవం. మనువు పంక్తి నుంచి లేపిన మనిషి తానే పంక్తి వేయడం నేర్చుకొన్నాడు. దేవుడిని నిరాకరించడమొక్కటే ఆయన దృష్టిలో నాస్తికత్వం కాదు. కులాన్ని విస్తరి దగ్గర నిరాకరించడం అందులో భాగం.

రాజ్యాంగ సభలో కూడా ఈ ప్రశ్న వచ్చింది. 1949 అక్టోబరు 17న, పీఠికను దేవుని పేరిట మొదలుపెట్టాలని హెచ్.వి. కామత్ సవరణ ప్రతిపాదించాడు. ఓటింగులో 41 మంది అనుకూలం, 68 మంది ప్రతికూలం. ఓడించినవారిలో దైవభక్తులు ఎందరో ఉన్నారు. విశ్వాసం విషయంలో బలవంతం కూడదనే వారి భావన. కనుకనే మన రాజ్యాంగం మూడవ షెడ్యూలులో దేవుని సాక్షిగా అనడానికీ, మనస్సాక్షిగా ప్రతిజ్ఞ చేయడానికీ రెంటికీ వీలున్నది. బ్రాడ్లా ఆరేళ్లు పడిన బాధ ఇక్కడి నాస్తిక శాసనసభ్యుడికి లేదు. ఇది చిన్న విజయం కాదు. కాని చట్టంలో గెలిచినది వీధిలో గెలిచినట్టు కాదని 2013లో పూనేలో నరేంద్ర దాభోల్కర్‌ను, 2015లో గోవింద్ పన్సారేను, ఎం.ఎం. కల్బుర్గిని కాల్చి చంపినప్పుడు తెలిసింది. 2017లో కోయంబత్తూరులో ముస్లిం కుటుంబంలో పుట్టిన ఒక నాస్తికుడిని సొంత మతంవారే నరికి చంపారు. హుంకారం చేసే నోరు ఏ ఒక్క మతానిదీ కాదు.

2011 జనగణనలో పురుషుడు, స్త్రీ కాని గడి మొదటిసారిగా వచ్చింది. దేశం మొత్తంలో 4 లక్షల 87 వేలకు పైగా మనుషులు ఆ గడిలో చేరారు. నాస్తికులమని చెప్పుకొన్నవారు 33 వేల పైచిలుకు. రెండు సంఖ్యలూ నిజానికి ఎంతో తక్కువ అన్నది ఎవరైనా ఊహించవచ్చు. గణకుడి ముందు ఇంటి పెద్ద జవాబు చెబుతాడు. ఇంటి పెద్దకు కొడుకు నాస్తికుడని చెప్పడం ఎంత కష్టమో, కొడుకు కూతురని చెప్పడం అంతకన్న కష్టం. తర్వాత 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తన లింగమేదో చెప్పుకొనే హక్కు మనిషికే ఉన్నదని తీర్పు ఇచ్చింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రాన్ని మధ్యలో నిలబెట్టింది. ఆ చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తి మీద లైంగిక హింస చేసినవాడికి విధించిన గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 1919లో చీర కట్టుకొన్నందుకు గరిష్ఠ శిక్ష కూడా రెండేళ్లే. నూరేళ్లలో త్రాసు ఎంత కదిలిందో చదువరులే అంచనా వేసుకోవచ్చు.

చివరకు 2023 జులై 6న తెలంగాణ హైకోర్టు, వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన వ్యాజ్యంలో, ఫస్లీ 1329 నాటి చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఆసరా పింఛన్లు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కూడా ఇవ్వాలన్నది. నూటనాలుగేళ్ల చట్టం ఆనాడు పోయింది. అదే నెలలో అదే హైకోర్టు మరో కేసులో, బిడ్డ జనన ధ్రువీకరణకు దరఖాస్తు చేసే తల్లిదండ్రులకు మతం లేదు, కులం లేదు అని వ్రాసుకొనే గడి ఉండాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదివినవారు అరుదు. మనువు ఒక శ్లోకంలో బయటకు పంపిన ఇద్దరూ ఒకే నెలలో ఒకే న్యాయస్థానం గడప ఎక్కారు. అడిగినది కూడా ఒక్కటే. మమ్మల్ని మీ రిజిస్టరులో మేము ఉన్నట్టుగా వ్రాయండి, లేదా మీ రిజిస్టరు నుంచి వదిలిపెట్టండి.

అయితే ఈ ఇద్దరూ ఒకరినొకరు గుర్తించారా? ఇక్కడ హేతువాదులను, అభ్యుదయవాదులను ఒక ప్రశ్న అడగక తప్పదు. వేదిక మీద దేవుడిని నిలదీసిన వక్త, అదే ఉపన్యాసంలో ప్రత్యర్థిని పేడివాడని, గాజులు తొడుక్కొమ్మని ఎద్దేవా చేస్తే, చప్పట్లు కొట్టిన సభలు ఎన్ని! ప్రభుత్వం చేతగానిదైతే నపుంసకత్వం అని వ్రాసిన సంపాదకీయాలు ఎన్ని! గీత రెండవ అధ్యాయంలో యుద్ధానికి వెనుకాడిన అర్జునుడికి కృష్ణుడు చేసిన మందలింపు ఇదే. దేవుడిని వదిలినవారు ఆ దేవుడి తిట్టును మాత్రం వదల్లేదు. బృహన్నల నిలబడ్డాడు, మగ రాజకుమారుడు పారిపోయాడు అన్న కథ ఎరిగిన భాషలో పిరికితనానికి పేడితనం పర్యాయపదం కావడం కన్న విపరీతం ఏమున్నది? శ్రాద్ధాన్ని నవ్విపోయేవాడు కూడా వంశం, మగతనం అన్న మాటలకు తల వంచుతున్నంత కాలం మనువు పంక్తిలోనే భోంచేస్తున్నాడు.

అట్లాగే మరో వైపు. హిజ్రాలలో, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులలో అధికసంఖ్యాకులు భక్తులే. ఎల్లమ్మను, బహుచరా మాతను కొలుస్తారు, దర్గాలకు వెళతారు. ఇల్లు వెళ్లగొట్టిన మనిషికి గుడిమెట్టు ఆశ్రయమిస్తే ఆ మెట్టుకు మొక్కడంలో వింత లేదు. నాస్తికుడు వారి భక్తిని విమర్శించవచ్చు. కాని వారి హక్కుకు ఆ భక్తిని అడ్డు చెప్పరాదు. వారు నాస్తికులైతేనే మద్దతు ఇస్తాననడం, ప్రమాణం చేస్తేనే కూర్చోనిస్తామన్న లండన్ పార్లమెంటు తీరు అవుతుంది.

కావలసినది పాత పంక్తిలో వారికి రెండు విస్తళ్లు అదనంగా వేయడం కాదు. ఎవరు పెడతారు, ఎవరు తింటారు, ఎవరికి వాటా ఉన్నది అన్న లెక్క మారాలి. అద్దె ఇల్లు, ఉద్యోగం, రేషను కార్డు, తండ్రి ఆస్తిలో భాగం, చనిపోయినప్పుడు కాటికి మోసే నలుగురు, ఇవన్నీ విశ్వాసంతోను, సంతానంతోను నిమిత్తం లేకుండా మనిషికి దక్కాలి. ఆ లెక్క మారనంత వరకు న్యాయస్థానం కొట్టివేసిన చట్టం ఇంటి యజమాని నోటి మాటలో, కళాశాల హాజరుపట్టీలో, ఊరి బంతిభోజనాల వరుసలో అమలవుతూనే ఉంటుంది.